గెలుపుకు కర్త ఎవరు? భారత క్రికెట్ జట్టు అతివిశ్వాసం గురించి ఒక తాత్త్విక విచారణ

భారత క్రికెట్ జట్టు ఒక పెద్ద పోటీలో ఓడిపోయినప్పుడు అభిమానులు చేసే విమర్శల్లో చాలావరకు నైపుణ్యానికి సంబంధించినవే. బ్యాటింగ్ క్రమం సరిగా లేదనో, బౌలర్ల ఎంపిక తప్పనో, పిచ్‌ను అర్థం చేసుకోలేకపోయారనో అనడం ఆటను గురించి మాట్లాడటమే. అయితే వీటన్నిటికంటే ఎక్కువ ఆవేశంతో వచ్చే మాట ఒకటి ఉంది: జట్టుకు కళ్ళు నెత్తికెక్కాయని, గెలుస్తామన్న ధీమాతో ఒళ్ళు మరచిపోయారని. ఈ మాట నైపుణ్యాన్ని దాటి ఆటగాళ్ళ శీలాన్ని ప్రశ్నిస్తుంది, ఓటమిని ఒక లోపానికి ఫలితంగా కాక ఒక దోషానికి పడిన శిక్షగా చూపుతుంది. అందువల్ల మైదానంలో పుట్టిన ఈ అభియోగం మతాలూ దర్శనాలూ ఏనాటి నుంచో విచారిస్తూ వచ్చిన ఒక సమస్యలోకి దారితీస్తుంది. తన శక్తిపై మనిషికి ఎంత నమ్మకం ఉండవచ్చు, ఆ నమ్మకం ఎక్కడ దోషంగా మారుతుంది, ఆ దోషాన్ని బయటి నుంచి చూసేవాడు ఎలా గుర్తించగలడు అన్నవి ఆ సమస్యలోని మూడు ప్రశ్నలు.

అభిమాని ఆవేదనకు ఆధారాలు లేవని అనలేం. 2007 మార్చి 17న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, ప్రపంచ కప్ తొలి మ్యాచ్‌లోనే, హేమాహేమీలున్న భారత జట్టు 191 పరుగులకు ఆలౌటై బంగ్లాదేశ్ చేతిలో ఐదు వికెట్ల తేడాతో ఓడింది. ఆ తరువాత శ్రీలంక చేతిలోనూ ఓడి గ్రూపు దశలోనే ఇంటిముఖం పట్టింది. 2023 ప్రపంచ కప్‌లో వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన జట్టు నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ఫైనల్‌లో 240 పరుగులకే పరిమితమై, ఆస్ట్రేలియా చేతిలో ఆరు వికెట్ల తేడాతో ఓడింది. స్వదేశంలో వరుసగా పద్దెనిమిది టెస్టు సిరీస్‌లు గెలిచిన రికార్డుతో 2024 అక్టోబరులో న్యూజిలాండ్‌ను ఎదుర్కొన్నప్పుడు, బెంగళూరులో మబ్బు పట్టిన ఆకాశం కింద టాస్ గెలిచి బ్యాటింగ్ ఎంచుకుని 46 పరుగులకు కుప్పకూలింది, చివరికి సిరీస్‌ను 0–3తో పోగొట్టుకుంది. ఈ మూడు సందర్భాల్లోనూ ఓటమికి ముందు ఘనమైన పేరో, వరుస విజయాలో ఉన్నాయి గనుక, ఆ పేరే, ఆ విజయాలే జట్టును చెడగొట్టాయన్న నిర్ణయానికి రావడం సహజం.

ఈ నిర్ణయాన్ని పరీక్షించే ముందు రెండు రకాల గర్వాన్ని వేరు చేయవలసి ఉంటుంది. శక్తి లేకుండానే గొప్పలు చెప్పుకోవడం మొదటిది. దీనికి తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణ ఉత్తర కుమారుడు. తిక్కన తెనిగించిన విరాటపర్వంలో అంతఃపుర స్త్రీల నడుమ కూర్చుని కౌరవులను ఒంటి చేత్తో ఓడిస్తానన్న ఆ రాకుమారుడు, వారి సేనను కళ్ళారా చూడగానే రథం దిగి పరుగు తీశాడు. నేటికీ ‘ఉత్తర కుమార ప్రగల్భాలు’ అన్నది వాడుకలో నిలిచిన మాట. ఇటువంటి గర్వం నవ్వు పుట్టిస్తుందే తప్ప తాత్త్విక సమస్యను లేవనెత్తదు, ఎందుకంటే అక్కడ మాటకూ శక్తికీ మధ్య ఉన్న దూరం ఎవరికైనా కనిపిస్తుంది. నిజంగా శక్తి ఉన్నవాడికి, నిజంగా గెలిచినవాడికి కలిగే గర్వం రెండవది. భారత జట్టుపై వచ్చే అభియోగం ఈ రెండవ రకానికి చెందినది. పది మ్యాచ్‌లు గెలిచిన జట్టును ఉత్తర కుమారుడితో పోల్చడం కుదరదు.

ఈ రెండవ రకం గర్వాన్ని సూటిగా విచారించిన గ్రంథాల్లో కేనోపనిషత్తు ముఖ్యమైనది. దాని మూడవ, నాలుగవ ఖండాల్లో దేవతలు అసురులపై గెలిచిన తరువాతి కథ ఉంది. బ్రహ్మం, అంటే సమస్తానికీ ఆధారమైన పరతత్త్వం, దేవతల కోసం సాధించిన ఆ గెలుపును దేవతలు తమదేనని, ఆ మహిమ తమదేనని భావించారు. అప్పుడు బ్రహ్మం ఒక యక్షరూపంలో వారి ఎదుట నిలిచింది. భూమిపై ఉన్నదంతా కాల్చగలనన్న అగ్ని ముందు ఒక గడ్డిపరక పెడితే అతడు దాన్ని కాల్చలేకపోయాడు. దేన్నైనా ఎగరేసుకుపోగలనన్న వాయువు ఆ గడ్డిపరకనే కదల్చలేకపోయాడు. చివరికి ఇంద్రుడు దగ్గరకు వెళ్ళగా యక్షుడు అదృశ్యమై, ఆ చోటనే ఉమాదేవి కనిపించి, మీరు గర్విస్తున్న విజయం బ్రహ్మానిదని తెలియజేసింది.

ఈ కథలో గమనించవలసిన అంశాలు రెండున్నాయి. దేవతలు గెలిచినమాట అబద్ధం కాదు, అగ్నికి కాల్చే శక్తి ఉందన్నదీ అబద్ధం కాదు. కాబట్టి వారి దోషం లేని శక్తిని ఉన్నదనుకోవడంలో లేదు, ఉన్న శక్తికి తామే మూలమనుకోవడంలో ఉంది. దర్శన పరిభాషలో దీన్ని కర్తృత్వాభిమానం అంటారు. ఒక పని జరగడానికి తోడ్పడిన అనేక కారణాలను పక్కనపెట్టి, దాన్ని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకోవడం దాని లక్షణం. ఇక రెండవ అంశం, దేవతలకు వచ్చిన పరీక్ష మరో మహాసురుడి రూపంలో రాలేదు, గడ్డిపరక రూపంలో వచ్చింది. పెద్ద ప్రత్యర్థి ఎదుట మనసు దానంతటదే జాగ్రత్తపడుతుంది గనుక, గర్వం బయటపడేది అల్పమని తోచినదాని ఎదుటనే. 2007లో బంగ్లాదేశ్ ఎదుట, 2024లో ఒక వర్షపు వారపు తేమ పిచ్ ఎదుట భారత జట్టు తడబడిన తీరులో అభిమాని చూసినది ఈ పోలికనే కావచ్చు.

కర్తృత్వాభిమానం ఒక నైతిక దోషమే కాక ఒక తప్పుడు లెక్క కూడానని భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం స్పష్టం చేస్తుంది. ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు కారణాలున్నాయని అక్కడ కృష్ణుడు చెబుతాడు: కర్మకు ఆశ్రయమైన అధిష్ఠానం, చేసేవాడైన కర్త, సాధనాలైన కరణాలు, పలు విధాల చేష్టలు, ఐదవదిగా దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకరులు వ్యాఖ్యానించారు. దైవమన్న మాటకు ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలని ఆయన అర్థం చెప్పగా, రామానుజులు అంతర్యామియైన పరమాత్మ అని చెప్పారు. వ్యాఖ్యాతల మధ్య ఇటువంటి భేదాలున్నా, కర్త ఐదింటిలో ఒకడు మాత్రమేనన్న విషయంలో గీతావాక్యం నిస్సందేహంగా ఉంది. ఐదు కారణాలుండగా తననొక్కణ్ణే కర్తగా చూసేవాడు సరిగా చూడనివాడని అది తేల్చి చెబుతుంది.

ఈ ఐదింటినీ క్రికెట్‌కు అన్వయిస్తే అతివిశ్వాసం స్వరూపం తేటతెల్లమవుతుంది. అధిష్ఠానాన్ని శరీరంతో పాటు ఆట జరిగే నేలకు కూడా విస్తరించుకోవచ్చు, ఎందుకంటే పిచ్ పొడిగా ఉందా తేమగా ఉందా అన్నదానిపై బంతి నడక ఆధారపడుతుంది. కరణాలు బ్యాటూ బంతీ మాత్రమే కావు, వాటిని నడిపే చూపూ చేతివాటమూ కూడా. చేష్టల్లో మైదానంలో కనిపించే కదలికలతో పాటు, వాటికి వెనుక ఉన్న నెట్ ప్రాక్టీసు, దేశవాళీ మ్యాచ్‌ల్లో గడిపిన గంటలు చేరతాయి. దైవమన్న పద్దు కింద టాస్, మబ్బులు, రాత్రి పూట కురిసే మంచు, అంచు తగిలిన బంతి ఫీల్డర్‌కు చిక్కడమో చిక్కకపోవడమో వస్తాయి. వరుస విజయాల కాలంలో ఈ నాలుగూ అనుకూలంగా కలిసివస్తూ ఉంటే, అవి ఉన్నాయన్న స్పృహ మెల్లగా మరుగున పడి, కర్త ఒక్కడే మిగిలినట్లు కనిపిస్తాడు. అప్పుడు సాధన కొంత తగ్గినా ఏమీ కాదనిపిస్తుంది, పిచ్‌ను మరొక్కసారి పరిశీలించడం అనవసరమనిపిస్తుంది. అతివిశ్వాసం ఓటమికి దారితీసే మార్గం ఇదే. దానిలో దేవుడి కోపానికి గాని విధి పగకు గాని చోటు లేదు, లెక్కలోంచి జారిపోయిన కారణాలు తమ పని తాము చేసుకుపోవడమే ఉంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. గంటకు నూట నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని ఎదుర్కొనేవాడికి తన శక్తిపై అచంచలమైన నమ్మకం అవసరం కాదా, ఆ క్షణంలో ఐదు కారణాలను లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు బ్యాటెత్తగలడా అన్నది ఆ ఆక్షేపణ. గీత దీన్ని ముందే ఊహించినట్లు, సాత్త్విక కర్తను వర్ణించేటప్పుడు రెండు లక్షణాలను పక్కపక్కనే చెబుతుంది. అతడు ‘నేను’ అని చాటుకోనివాడు, అదే సమయంలో ధృతి, ఉత్సాహం నిండినవాడు. ధృతి అంటే చెదరని నిలకడ; ఉత్సాహం అంటే పని పట్ల ఉరికే పూనిక, అలంకారశాస్త్రం దీన్నే వీరరసానికి స్థాయీభావంగా గుర్తించింది. అహంభావం తగ్గితే ఆత్మవిశ్వాసం కూడా తగ్గుతుందన్న భయానికి ఇక్కడ తావు లేదు, ఎందుకంటే గీత దృష్టిలో ఈ రెండూ ఒకే గుణపు ఎక్కువ తక్కువలు కావు, రెండు వేరు వేరు గుణాలు. అదే అధ్యాయంలో తామస కర్త లక్షణాల్లో ఎవరికీ తలవంచని బిరుసుతనం, సోమరితనం, విషాదం ఒకే వరుసలో కనిపించడం గమనార్హం. తనను తాను మించినవాడు లేడనుకునేవాడు సాధన మానేస్తాడు, సాధన మానినవాడు మొదటి దెబ్బకే కుంగిపోతాడు.

రామాయణంలోని హనుమంతుడు ఈ భేదానికి సంపూర్ణమైన ఉదాహరణ. కిష్కింధాకాండ చివర తన బలం తనకే స్ఫురించక మౌనంగా కూర్చున్న అతడికి జాంబవంతుడు ఆ బలాన్ని గుర్తుచేయగా, సముద్రాన్ని లంఘించడానికి సిద్ధపడ్డాడు. తన శక్తిని ఉన్నదున్నట్లు ఎరగడం గర్వం కాదని, దాన్ని మరచిపోవడం వినయం కాదని ఆ ఘట్టం తెలుపుతుంది. అదే హనుమంతుడు లంకలో సీతకు ధైర్యం చెబుతూ, సుగ్రీవుడి సేనలో తనతో సమానులూ తనకంటే గొప్పవారూ ఉన్నారే గాని తనకంటే తక్కువవాడు లేడంటాడు. నూరు యోజనాలు దాటి వచ్చినవాడు ఈ మాట అనగలగడంలో ఆత్మవిశ్వాసం ఏ మాత్రం తగ్గలేదు, కర్తృత్వాభిమానం ఏ మాత్రం చేరలేదు.

క్రికెట్ చరిత్రలోనూ ఈ భేదం ఫలించిన సందర్భాలు ఉన్నాయి. 2001 మార్చిలో వరుసగా పదహారు టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా, కోల్‌కతాలో 274 పరుగుల ఆధిక్యంతో భారత్‌ను ఫాలో ఆన్ ఆడించింది, అంటే వెంటనే రెండవ ఇన్నింగ్స్ మొదలుపెట్టమంది. హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ 281, రాహుల్ ద్రావిడ్ 180 పరుగులు చేయగా భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. ఆధిక్యం గెలుపుతో సమానం కాదన్న పాఠం ఆనాడు ఆస్ట్రేలియాకు దక్కింది. 2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో 53 పరుగుల ఆధిక్యం సంపాదించిన భారత్ రెండవ ఇన్నింగ్స్‌లో 36 పరుగులకే ఆలౌటైంది. ఆ తరువాత కెప్టెన్ స్వదేశానికి తిరిగివచ్చి, ప్రధాన బౌలర్లు ఒకరి తరువాత ఒకరు గాయపడి, గర్వించడానికి ఏమీ మిగలని స్థితిలో జట్టు మెల్‌బోర్న్‌లో గెలిచింది, హనుమ విహారి, అశ్విన్‌ల పట్టుదలతో సిడ్నీలో ఓటమిని తప్పించుకుంది, 1988 తరువాత ఆస్ట్రేలియా ఓడి ఎరగని బ్రిస్బేన్ మైదానంలో 2021 జనవరి 19న గెలిచి సిరీస్‌ను 2–1తో దక్కించుకుంది. పర్యటన మొదట్లోనే తండ్రిని పోగొట్టుకున్న హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ ఆ చివరి టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. అహంభావానికి ఆధారాలన్నీ తొలగిపోయిన చోట కూడా ధృతి, ఉత్సాహం నిలవగలవని ఈ సిరీస్ చూపించింది.

ఈ విచారణ ఒక్క వైదిక సంప్రదాయానికే పరిమితం కాదు. హునైన్ యుద్ధంలో తమ సంఖ్యాబలాన్ని చూసి మురిసిన విశ్వాసులకు ఆ బలం ఏ విధంగానూ అక్కరకు రాలేదని ఖురాన్ తొమ్మిదవ సూరా గుర్తుచేస్తుంది. బౌద్ధంలో ‘మానం’ అనే సంయోజనం, అంటే మనిషిని సంసారానికి కట్టిపడేసే బంధం, మరింత సూక్ష్మంగా వివరించబడింది. ఇతరులకంటే నేను ఎక్కువ అనుకోవడం మాత్రమే కాక, సమానం అనుకోవడం, తక్కువ అనుకోవడం కూడా మానమేనని, అర్హత్త్వం, అంటే సంపూర్ణ విముక్తి, పొందేదాకా అది పూర్తిగా వదలదని బౌద్ధులు చెప్పారు. ప్రపంచంలో తమను మించిన జట్టు లేదన్న ధీమా, ఒక్క ఓటమితో తాము దేనికీ పనికిరామన్న నిస్పృహ అనే రెండూ ఒకే తూకం నుంచి పుట్టేవేనని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక్కడే విచారణ ఆటగాళ్ళ నుంచి అభిమాని వైపు తిరగవలసి వస్తుంది. 2023 ఫైనల్‌లో రోహిత్ శర్మ 31 బంతుల్లో 47 పరుగులు చేసి, మాక్స్‌వెల్ ఓవర్‌లో అప్పటికే ఒక సిక్సర్, ఒక ఫోర్ కొట్టిన తరువాత మరో భారీ షాట్‌కు ప్రయత్నించగా, ట్రావిస్ హెడ్ వెనక్కి పరుగెత్తి క్యాచ్ పట్టాడు. అంతకు ముందు మ్యాచ్‌లన్నిటిలో అదే దూకుడును నాయకుడి సాహసమని మెచ్చుకున్న నోళ్ళే ఆనాడు దాన్ని అతివిశ్వాసమన్నాయి. ఆ క్యాచ్ చేజారి ఉంటే అభియోగమే పుట్టేది కాదు. అతివిశ్వాసం చేసేవాడి మనోవృత్తి కాగా, అభిమాని దాన్ని ఫలితాన్ని బట్టి వెనక్కి ఊహిస్తున్నాడు. ఫలితమో ఐదు కారణాలపై ఆధారపడినది. న్యాయమైన పనికైనా విపరీతమైన పనికైనా కారణాలు ఈ ఐదేనని గీత స్పష్టంగా చెప్పినందువల్ల, గెలుపును కర్త ఒక్కడికే అంటగట్టడం ఎంత పొరపాటో, ఓటమిని కర్త గర్వానికి ఒక్కదానికే అంటగట్టడమూ అంతే పొరపాటు. ఆటగాడిలో ఏ దోషాన్ని నిందిస్తున్నాడో ఆ దోషంలోనే అభిమాని తానూ చిక్కుకుంటున్నాడు.

అతడి స్థితిలో మరో చిక్కు కూడా ఉంది. కర్మపైనే తప్ప ఫలంపై అధికారం లేదన్న గీతోపదేశం ఆటగాడికి వర్తిస్తుంది, ఎందుకంటే అతడికి చేయడానికి ఒక కర్మ ఉంది. అభిమానికి ఆ కర్మ కూడా లేదు. ఫలంపై ఆసక్తి మాత్రం నిండుగా ఉంది. గెలిచినప్పుడు ‘మనం గెలిచాం’ అని, ఓడినప్పుడు ‘వాళ్ళు ఓడిపోయారు’ అని అనడంలో మమకారం, అంటే నాది అనే భావన, తనకు నచ్చినప్పుడు విస్తరించి నచ్చనప్పుడు ముడుచుకుపోవడం కనిపిస్తుంది. 1996 మార్చి 13న కోల్‌కతాలో, హైదరాబాదుకు చెందిన అజహరుద్దీన్ నాయకత్వంలోని జట్టు 98 పరుగులకు ఒక వికెట్ నుంచి 120 పరుగులకు ఎనిమిది వికెట్ల స్థితికి పడిపోయినప్పుడు, ప్రేక్షకులు సీసాలు విసిరి నిప్పు పెట్టడంతో సెమీఫైనల్‌ను శ్రీలంక గెలిచినట్లు ప్రకటించవలసి వచ్చింది. రాజస కర్తకు గీత చెప్పిన లక్షణాలైన ఫలకాంక్ష, హింసాస్వభావం, హర్షశోకాల మధ్య ఊగిసలాట ఆ రాత్రి మైదానంలో కాక గ్యాలరీల్లో కనిపించాయి.

ప్రేక్షకుడి మనసుకు సంబంధించి భారతీయ అలంకారశాస్త్రం ఒక ఉపయోగకరమైన మార్గం చూపింది. నాటకం చూసే సహృదయుడు పాత్రల సుఖదుఃఖాలను తనవని గాని పరులవని గాని కాక సర్వసామాన్యంగా అనుభవిస్తాడని, దీనికి సాధారణీకరణమని పేరని భట్టనాయకుడు, అభినవగుప్తుడు వివరించారు. తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం రసానుభవానికి విఘ్నాల్లో ఒకటని అభినవగుప్తుడు పేర్కొన్నాడు. ఆట నాటకం కాదు, దాని ముగింపు ముందే రాసిపెట్టి ఉండదు, కాబట్టి ఈ సిద్ధాంతాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినప్పటికీ, హెడ్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్‌లోని సౌందర్యం, అది ఎవరి వికెట్టో అన్న దుఃఖం కారణంగా కనిపించకపోతే, అభిమాని కోల్పోయింది కప్పు ఒక్కటే కాదని ఒప్పుకోవలసి ఉంటుంది.

అయితే అభిమాని నోరు మూసుకోవాలని, గెలుపోటములను సమంగా చూస్తూ ఊరకుండాలని ఈ వాదం చెప్పడం లేదు. ఐదు కారణాల్లో నేల, వాతావరణం, టాస్ వంటివి ఎవరి చేతుల్లోనూ ఉండవు గాని, చేష్ట మనిషి అధీనంలో ఉంటుంది. విమర్శ న్యాయంగా తాకవలసిన చోటు అదే. న్యూజిలాండ్ చేతిలో సిరీస్ పోయాక, ఆస్ట్రేలియాలోనూ ఓడాక, అగ్రశ్రేణి ఆటగాళ్ళు దేశవాళీ క్రికెట్‌కు దూరంగా ఉంటున్నారన్న విమర్శ బలపడి, 2025 జనవరిలో క్రికెట్ బోర్డు దేశవాళీ మ్యాచ్‌లలో పాల్గొనడాన్ని తప్పనిసరి చేసింది. రోహిత్ శర్మ ముంబయి తరఫున, విరాట్ కోహ్లీ పన్నెండేళ్ళ విరామం తరువాత ఢిల్లీ తరఫున రంజీ ట్రోఫీ ఆడారు. ఒక ఆటగాడి మనసులో గర్వం ఉందా లేదా అన్నది బయటివారికి తెలిసే విషయం కాదు, అతడు సాధన చేశాడా లేదా అన్నది అందరికీ తెలిసే విషయం. కనుక విమర్శ మొదటిదాన్ని వదిలి రెండవదాన్ని పట్టుకున్నప్పుడే అది అభియోగ స్థాయి నుంచి విచారణ స్థాయికి ఎదుగుతుంది.

విమర్శకు తగిన వేళ ఏదన్నది ఇక మిగిలిన ప్రశ్న. కేనోపనిషత్తులో యక్షుడు దేవతలు ఓడినప్పుడు రాలేదు, గెలిచి సంబరపడుతున్నప్పుడు వచ్చాడు. 2024 అక్టోబరు 1న కాన్పూర్‌లో, రెండు రోజులకు పైగా ఆట వర్షార్పణమైన టెస్టులో 34.4 ఓవర్లలోనే 285 పరుగులు చేసి భారత్ బంగ్లాదేశ్‌ను ఓడించినప్పుడు, ఆ దూకుడు ఏ పిచ్‌పై, ఏ బౌలింగ్ ఎదుట సాధ్యమైందని, మబ్బులు కమ్మి బంతి స్వింగ్ అయ్యే రోజున అది ఏమవుతుందని అడగడానికి అదే సరైన సమయం. బెంగళూరులో 46 పరుగులకు ఆలౌటైంది మరో పదహారు రోజుల తరువాతే. ఓటమి మరునాడు గర్వాన్ని పసిగట్టడానికి వివేకం అక్కర్లేదు, ఆ పని స్కోరుబోర్డే చేసిపెడుతుంది. జట్టు గెలిచిన రోజున ఐదు కారణాల్లో ఏవేవి కలిసివచ్చాయో లెక్కచూడగలిగిన అభిమానికి మాత్రమే, అది ఓడిన రోజున అతివిశ్వాసమన్న మాట ఉచ్చరించే అర్హత ఉంటుంది. అటువంటి అభిమానికి ఆ మాటతో పని పడే సందర్భాలు అరుదుగానే వస్తాయి, వచ్చినప్పుడు అతడి మాటను జట్టు కూడా తోసిపుచ్చలేదు.